కోడలికి లైన్ క్లియర్: ఒక రిటైర్డ్ గార్డు సంతాన సలహాలు

ముప్ఫై రెండేళ్ళు గూడ్సు బళ్ళ చివర కూర్చుని, వెనక్కి చూస్తూ ప్రయాణం చేసినవాణ్ణి నేను. ముందు ఏముందో చూసుకోవడం ఇంజనువాడి పని. వెనకాల ఏం ఊడిపోయిందో చూడటం గార్డు పని. ఈ సలహాలన్నీ ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో టెక్కలి వైపునుంచి గ్యాంగు పనికని బిలాస్‌పూర్ వచ్చాడు. మా నాన్న ఖలాసీ. నేను గార్డుని. మా అబ్బాయి లోకో పైలట్. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి సీపత్ రోడ్డు వైపు లింగియాడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాను. చేతిలో జెండా పోయింది గాని ఊపే అలవాటు పోలేదు. అందుకని మా వీధిలోనూ, రైల్వే కాలనీ తెలుగిళ్ళలోనూ పెళ్ళయి ఏడాదైనా కబురు చెప్పని కోడళ్ళ చార్టు నా దగ్గరే ఉంటుంది. మొదటి పేరు మా కోడలిది. వయసు ముప్ఫై ఒకటి. హయ్యర్ సెకండరీ స్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. ఆ మూడో సంగతే నాకు ప్రాణసంకటమైంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది అడగడం. "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని అడగాలి. ఇంట్లో రహస్యంగా అడిగితే లాభం లేదు. బుధవారీ బజారులో, ఆనపకాయలు బేరమాడుతుండగా, నలుగురూ వినేటట్టు అడగాలి. ఆడపిల్ల సిగ్గుపడితే గర్భం త్వరగా నిలుస్తుందని నా నమ్మకం. పెళ్ళయిన మూడో నెలనుంచీ మొదలుపెట్టండి. డాక్టర్లు మాత్రం ముప్ఫై అయిదు లోపు వయసైతే ఏడాది చూడండి, దాటితే ఆరు నెలలు చూడండి, అప్పటికీ లేకపోతే ఇద్దరూ కలిసి రండి అంటారు. ముప్ఫై ఏళ్ళ ఆరోగ్యమైన మనిషికి కూడా ఒక్కో నెలలో అవకాశం అయిదింట ఒకటేనట. నలభైకి అది ఇరవైలో ఒకటికి పడుతుందట. అయిదింట ఒకటంటే మా గూడ్సు బండి రైట్ టైముకి చేరినదానికంటే నయమే, కానీ ఈ మాట కోడలితో అనకండి. అంటే ధైర్యం తెచ్చుకుంటుంది.

పనిలోపనిగా పంచాంగం చూసి మంచి రోజులు నిర్ణయించాలి. మా కోడలు ఒకసారి బ్లాక్‌బోర్డు మీద గీసినట్టు పేపరు మీద గీసి చూపించింది: అండం విడుదలయ్యే రోజు, దాని ముందటి అయిదు రోజులు, మొత్తం ఆరే రోజులు పనికొస్తాయట. ఆ విడుదల కూడా వచ్చే నెలసరికి పధ్నాలుగు రోజుల ముందు జరుగుతుందట, అదీ అటూ ఇటూగా. "మావయ్యగారూ, ఆ ఆరు రోజుల్లో మీ అబ్బాయి డ్యూటీ లింకు ఎక్కడుందో చూశారా?" అంది. చూశాను. నాలుగు రోజులు శహడోల్ రన్నింగ్ రూములో ఉన్నాడు. నేను వెంటనే తేల్చేశాను: గ్రహాలు అనుకూలంగా లేవు.

*

ఇక వయసు సంగతి. ఎంత చిన్నప్పుడు పెళ్ళి చేస్తే అంత మంచిది. లేత తీగకే కాయలు కాస్తాయి. మా ఆవిణ్ణి పదహారో ఏట చేసుకున్నాను. పదిహేడో ఏట తొలిచూలు. అది దక్కలేదు. ఒంట్లో రక్తం లేదన్నారు, నేను దిష్టి అనుకున్నాను. ఇప్పుడు మా కోడలు చెబుతుంది, పెద్దమనిషైన మొదటి కొన్నేళ్ళు చాలా నెలల్లో అండమే విడుదల కాదట, కటి ఎముకలు కూడా అప్పటికి పూర్తిగా ఎదగవట. 2019లో డెన్మార్క్ వైపు పరిశోధకులు తొమ్మిదేళ్ళ పిల్లనుంచి నలభై మూడేళ్ళ మనిషి వరకూ అండాలు తీసి చూస్తే, క్రోమోజోముల తప్పులు టీనేజీలోనూ ఎక్కువ, ముప్ఫై అయిదు దాటాకా ఎక్కువ, ఇరవైల్లోనే తక్కువ కనిపించాయట. నడి వయసుకి మాత్రమే కాదు, లేత వయసుకీ ఎర్రజెండా ఉందన్నమాట. నా సలహాకి ఇది అడ్డం కాబట్టి నేను పట్టించుకోలేదు. మా ఆవిడ పట్టించుకుంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు నచ్చిన విషయం స్టాకు రిజిస్టరు. బండిలో ఎన్ని వ్యాగన్లు ఉన్నాయో రాసుకున్న చెయ్యి ఇది. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెలలో ఉన్నప్పుడే ఆమె అండాశయాల్లో అరవై, డెబ్భై లక్షల బీజకణాలు ఉంటాయట. పుట్టేసరికి పది నుంచి ఇరవై లక్షలు. పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తం మీద నెలకొకటిగా విడుదలయ్యేవి నాలుగైదు వందలు. ముట్లుడిగేనాటికి వెయ్యో ఎంతో మిగులుతాయి. తక్కిన లక్షలన్నీ ఎవరూ ఎక్కకుండా, ఎవరూ దిగకుండా యార్డులోనే కరిగిపోతాయి. ఇంత దుబారా ఏ డిపార్టుమెంటులోనూ నేను చూడలేదు.

అందుకే పొదుపు సలహా ఇస్తున్నాను. కోడలు స్కూటీ నడపకూడదు, మెట్లెక్కకూడదు, బొప్పాయి ముట్టకూడదు. కుదిరితే నెలసరి ఆపే మాత్రలు కొన్నాళ్ళు మింగాలి, ఆ నెలల గుడ్లు మిగులుతాయి కదా! దీనికి మా కోడలు నవ్వింది. నెలసరి వచ్చినా రాకపోయినా, మాత్ర వేసుకున్నా, కడుపుతో ఉన్నా, ఆ కరిగిపోవడం ఆగదట. నెలకి ఒకటి విడుదల కోసం వందల కొద్దీ బయల్దేరి వాటిలో ఒక్కటే గమ్యం చేరుతుందట. "మీరు సిగ్నలు ఇవ్వకపోయినా ఆ బళ్ళు కదులుతూనే ఉంటాయి మావయ్యగారూ" అంది. సిగ్నలు లేకుండా కదిలే బండిని నేను నా సర్వీసులో అనుమతించలేదు.

ఇంకో చిత్రం కూడా చెప్పింది. మా ఆవిడ మా అబ్బాయిని కన్న గుడ్డు మా ఆవిడ కడుపులో తయారు కాలేదట. మా ఆవిడ వాళ్ళమ్మ కడుపులో ఉండగానే, టెక్కలి దగ్గర పల్లెలో, చింతచెట్టు కింద పెంకుటింట్లోనే సిద్ధమైందట. అంటే వీడి సగం టిక్కెట్టు నా పెళ్ళికి ఎన్నో ఏళ్ళ ముందే మా అత్తగారి పేరు మీద బుక్కయింది. వినగానే మా ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు నాకు నచ్చలేదు. అప్పటికే ఇంట్లో మెజారిటీ మారుతోందని గ్రహించాను.

పెళ్ళిచూపుల్లో జాతకంతో పాటు ఏఎంహెచ్ రిపోర్టు కూడా అడగమని మరో సలహా. ఆ రక్తపరీక్షలో అంకె చిన్నదైతే సంబంధం వద్దనండి. ఆ అంకె యార్డులో ఎన్ని మిగిలాయో ఉజ్జాయింపుగా చెబుతుందే గాని అవి ఎలాంటివో చెప్పదట. 2017లో అమెరికాలో ముప్ఫై నుంచి నలభై నాలుగేళ్ళ మధ్య 750 మంది ఆడవాళ్ళని చూస్తే, అంకె తక్కువున్నవాళ్ళు కూడా మిగతావాళ్ళలాగే గర్భవతులయ్యారు. కృత్రిమ గర్భధారణకి ఎన్ని గుడ్లు దొరకొచ్చో అంచనా వేయడానికి మాత్రం ఆ పరీక్ష డాక్టరుకి పనికొస్తుందట. మనం డాక్టర్లం కాదు కనుక మనకి అన్నిటికీ పనికొస్తుంది.

*

వయసు పెరిగితే గుడ్డు ఎందుకు పాడవుతుందో నాకు మొదట అర్థం కాలేదు. కోడలు నా భాషలో చెప్పాక అర్థమైంది. ఆడపిల్ల పుట్టకముందే ప్రతి అండమూ విభజన మధ్యలో ఆగిపోతుంది. లూప్ లైన్లో నిలబెట్టిన బండిలాగా. స్టార్టరు సిగ్నలు పదమూడేళ్ళకి పడొచ్చు, నలభై మూడేళ్ళకి పడొచ్చు. అంతకాలమూ క్రోమోజోముల్ని జంటగా పట్టి ఉంచేది కొహీసిన్ అనే ప్రోటీను, అదే కప్లింగు. ఆ కప్లింగుని మధ్యలో మార్చడం దాదాపు ఉండదు. నలభయ్యేళ్ళు ఎండకీ వానకీ నిలబడ్డ కప్లింగు ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. సిగ్నలు పడి బండి కదిలేసరికి ఒక వ్యాగను తప్పుడు లైన్లోకి పోతుంది. ఇరవై ఒకటో నంబరు క్రోమోజోము ఒకటి ఎక్కువ వస్తే డౌన్ సిండ్రోమ్. ఎక్కువసార్లు అసలు గర్భమే నిలవదు.

ఈ ఒక్క పాయింటు నాకు అనుకూలంగా ఉంది కాబట్టి బాగా వాడుకోవాలి. తల్లి ఇరవై అయిదులో ఉంటే 1,250లో ఒక బిడ్డకి, ముప్ఫై అయిదులో ఉంటే దాదాపు 350లో ఒక బిడ్డకి, నలభైలో ఉంటే వందలో ఒక బిడ్డకి డౌన్ సిండ్రోమ్ రావచ్చు. ముప్ఫై అయిదు నిండిన అమ్మాయి కనబడితే "మూడొందల యాభై!" అని అరవండి చాలు. మిగతా 349 మంది సంగతి ఎత్తకండి.

అలాగని మరీ కంగారూ అక్కర్లేదు. ఎంత ఆలస్యమైనా సైన్సు ఉంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై దాటిన తూర్పుగోదావరి ఆవిడ కవల ఆడపిల్లల్ని కన్నది, పేపర్లన్నీ రాశాయి. ముందు పేరాలో ముప్ఫై అయిదుకే కొంప మునుగుతుందన్నాను, ఈ పేరాలో డెబ్భై అయినా ఫరవాలేదంటున్నాను. సలహాలు ఇచ్చేవాడికి రెండు జెండాలూ ఉండాలి. ఆ గుడ్డు వేరే యువతి దానం చేసిందని, గర్భసంచి అంత త్వరగా ముసలిది కాదు, గుడ్డే అవుతుందని, 2021లో వచ్చిన చట్టం ఆడవాళ్ళకి యాభై, మగవాళ్ళకి యాభై అయిదు దాటితే ఈ చికిత్స కుదరదందని కోడలు గుర్తు చేసింది. మా దారినే పోయే హౌరా బండి ఎక్కితే చేరే కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ 1978 అక్టోబరు 3న, ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టిన రెండు నెలలకే, అలాంటి బిడ్డనే పుట్టించాడు. ఆయన్ని ఎవరూ నమ్మలేదు, విచారణలు వేశారు. 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. సలహాదారుల కమిటీకి ఎంత బలముందో చూశారా.

*

మగవాడి గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తాను: మగవాడికి ఏమీ ఉండదు. తొంభై ఏళ్ళకీ తండ్రి కావచ్చు.

ఇక్కడ మా కోడలు అడ్డుపడి చాలా చెప్పింది, నేను సగమే విన్నాను. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవైపు కారణం కూడా ఉంటుందట. వీర్యకణం తయారవడానికి సుమారు డెబ్భై నాలుగు రోజులు పడుతుంది, వృషణాలు ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, వేడి ఎక్కువైతే లెక్క తగ్గుతుంది, గుట్కా ఖైనీ నమిలితే ఇంకా తగ్గుతుంది. మే నెలలో బిలాస్‌పూర్ ఎండలో ఇంజను కేబిన్ ఎలా ఉంటుందో ఎవరినైనా అడగండి. 2012లో ఐస్‌లాండ్‌లో లెక్కేస్తే తండ్రికి వయసు ఒక్కో ఏడాది పెరిగితే బిడ్డకి రెండేసి కొత్త జన్యుమార్పులు అదనంగా వచ్చాయట. ఇవన్నీ చెప్పి, ఒక చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. వీర్యపరీక్ష చీటీ. మా అబ్బాయి పేరు మీద.

మా అబ్బాయి ఆ ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళు తీసుకోవడం మానేసి కుండలోవి తాగుతున్నాడు.

పొగాకు మాటొచ్చింది గనక ఇంకో సలహా. ఆడవాళ్ళు పొగాకు వాడితే ఏమీ కాదు, మా అమ్మ చివరిదాకా అడ్డపొగ కాల్చింది, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని బండెడు చాకిరీ చేసింది. ఇక్కడి ఆడవాళ్ళు గుడాఖు పళ్ళకి రాసుకుంటారు, హాయిగా ఉన్నారు. పొగ తాగేవాళ్ళకి ముట్లు ఒకటి రెండేళ్ళు ముందే ఆగిపోతాయన్నది వేరే సంగతి. మా అమ్మకి ఎప్పుడు ఆగాయో మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. అవి రిజిస్టరులో రాసుకునే సంగతులు కావు కదా.

*

ఇప్పుడు అత్తాకోడళ్ళ అధ్యాయం. దీనికి నేను చాలా ఆశలు పెట్టుకున్నాను.

ముట్లుడగడం అనేది జంతువుల్లో చాలా అరుదట. ఏనుగు ముసలితనంలోనూ ఈనుతుంది. మనిషి కాక, ఓర్కా అనే తిమింగలం, పైలట్ తిమింగలం, బెలూగా, నార్వాల్, ఇలా కొన్నిట్లోనే ఆడవి పిల్లల్ని కనడం మానేశాక కూడా దశాబ్దాలు బతుకుతాయి. ఉగాండాలోని ఒక చింపాంజీ గుంపులోనూ ఉందని 2023లో చెప్పారు. ఎందుకిలా? ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 2008లో ఒక మాట చెప్పారు: కోడలు కొత్తగా ఇంట్లోకి వచ్చినప్పుడు అత్తా కోడలూ ఇద్దరూ కంటుంటే తిండికి పోటీ. ఆ పోటీలో అత్త తప్పుకుంటే ఆమెకి మనవల లాభం. ఫిన్లండు చర్చి పుస్తకాల్లో రెండు వందల ఏళ్ళ జననాలు తిరగేస్తే, అత్తాకోడళ్ళు ఒకేసారి కన్న ఇళ్ళల్లో పిల్లలు బతికే అవకాశం బాగా పడిపోయిందట. తల్లీకూతుళ్ళు ఒకేసారి కంటే అలా కాలేదట! ఇది చదవగానే ఎగిరి గంతేశాను. అత్తాకోడళ్ళ పోరు ప్రకృతి సిద్ధమని ఫిన్లండే ఒప్పుకుంది. కాబట్టి అత్తలారా, వెనక్కి తగ్గకండి, పోపు ఎక్కువైందనండి, సెలవు పెట్టి శాంతి హోమం చెయ్యమనండి.

నా సలహా మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కందిపప్పులో రాళ్ళేరుతోంది. తల ఎత్తకుండానే అంది: "మీకేటి తెలుసు? పోరు మానడానికే ఆ ముట్లు ఆగుతాయని రాసుందా, పోరు పెట్టుకోడానికని రాసుందా?"

కోడలు పక్కన కూర్చుని ఇంకా నూరిపోసింది. టాంజానియాలో హాడ్జా అనే వేటగాళ్ళ దగ్గర క్రిస్టెన్ హాక్స్ అనే ఆవిడ కూర్చుని చూస్తే, అందరికంటే ఎక్కువ సేపు దుంపలు తవ్వి తెచ్చేది ముసలమ్మలేనట. తల్లి ఇంకో చంటిదానితో ఉంటే పాలు మానిన పిల్ల పెరగడం అమ్మమ్మ దుంపల మీదే ఆధారపడి ఉందట. ముసలమ్మ ఉన్న ఇంట్లో మనవలు ఎక్కువ బతికారని ఫిన్లండు, కెనడా లెక్కలు కూడా చెప్పాయి. గుడ్లు అయిపోయాక ఆడదాని పని అయిపోతుందన్న నా లెక్కకి ఇదేమీ కుదరదు. కానీ రాయగడ మీదుగా వచ్చే విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ చూసిన ఏ గార్డైనా కాదనలేడు. కూతురి పురుడికని మాగాయ జాడీ, కాయం పొడి, పాత చీరల మూట ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా మేలుకుని వచ్చే అమ్మమ్మలు ప్రతి బండిలోనూ ఉంటారు. వాళ్ళకి టిక్కెట్టు అడిగినప్పుడల్లా మా టీటీలు తిట్లు తిన్నారు.

*

ఆఖరి సలహా పెద్ద కుటుంబాలకి. ఇద్దరు పుట్టగానే ఆడవాళ్ళకి ఆపరేషను చేయించండి, ఇంకో పదేళ్ళకి కాస్త నొప్పి అంటే గర్భసంచి తీయించేయండి. ఉండి ఏం చేస్తుంది? మన తెలుగువాళ్ళు ఈ టైమ్‌టేబుల్‌ని దేశంలో అందరికంటే కచ్చితంగా పాటిస్తున్నారు. 2019–21 దేశవ్యాప్త ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో ఏడుగురు ఆపరేషను అయినవాళ్ళు. మగవాళ్ళు వందకి ఒకరు కూడా లేరు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా వందకి మూడు చొప్పున ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది, తొమ్మిది. అండాశయం నలభై ఆరు, నలభై ఏడుకి రిటైరవుదామనుకుంటే మనం ముప్ఫై అయిదుకే వాలంటరీ రిటైర్మెంటు ఇచ్చి పంపిస్తున్నాం. ఛత్తీస్‌గఢ్ వెనకబడలేదు. 2012లో ఇక్కడ బీమా కార్డు డబ్బు కోసం గర్భసంచులు తీసేశారని గొడవై, కొందరు డాక్టర్ల లైసెన్సులు సస్పెండయ్యాయి.

2014 నవంబరు 8న మన ఊరి పక్కన సకరీలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. అందరూ పడుచువాళ్ళే, చంటిపిల్లల తల్లులు. 2016లో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలు ఆపేయమంది. దీని మీద నా దగ్గర సలహా లేదు.

మా ఆవిడకి ముప్ఫై మూడో ఏట ఒక నర్సింగ్ హోములో గర్భసంచీ, అండాశయాలూ రెండూ తీసేశారు. ఎందుకు తీశారో కాగితం మీద ఉండే ఉంటుంది, నేను చదవలేదు, సంతకం పెట్టాను. అప్పటినుంచీ వేడి సెగలు, నిద్ర పట్టకపోవడం, మోకాళ్ళ నొప్పులు. అండాశయం గుడ్లు పెట్టడంతో పాటు ఎముకలకీ గుండెకీ కూడా డ్యూటీ చేస్తుందని మొన్న కోడలు చెప్పినప్పుడు, మా ఆవిడ చేతిలో కందిపప్పు చేట అలాగే ఉండిపోయింది.

నిన్న రాత్రి అబ్బాయి డ్యూటీ దిగి వచ్చాడు. పొద్దున్నే మా ఆవిడ ఫ్రిజ్ మీద చీటీ తీసి జాకెట్లో పెట్టుకుంది. నాలుగు రోజులు ఇంటికి దూరంగా ఉన్నాడు గనక పరీక్షకి ఇదే సరైన రోజని కోడలు లెక్క చెప్పింది. వాడు గొణిగాడు. "నోరుమూసుకుని ఆటో ఎక్కరా" అంది మా ఆవిడ, పదహారేళ్ళప్పుడు ఆ గొంతు లేదు ఆవిడకి. నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను, అలవాటు కొద్దీ.

రిపోర్టు బుధవారం వస్తుంది. అందాకా పై సలహాలన్నీ అమల్లో ఉంటాయి.